మీటర్ రీడింగ్

ముప్పై ఒక్క ఏండ్లు నల్లా మీటర్లు చదివిన మనిషిని.
చిలకలగూడ, మెట్టుగూడ, బౌద్ధనగర్.
మూత లేపితే బొద్దింక, బురద,
బురద కింద ఎన్నడూ కదలని సున్న.
ఆగిపోయిన మీటర్ ఉన్న ఇంట్లనే
చాయ్ తాగి పొమ్మనేటోళ్లు.

గిప్పుడు రిటైరై
మా డెబ్బై ఆరు నాటి ఫియట్‌కు
మూడు మీటర్లు పెట్టిస్తున్న.

రాణిగంజ్‌ల ఒక పొద్దంత తిరిగితే దొరికినయి.
ఆయిల్ ప్రెషర్‌ది ట్రాక్టర్ నుంచి ఊడిన సరుకు,
అంపియర్లది ఏ రోడ్డు రోలర్‌దో,
వేడి చూపేది ఒక్కటే డబ్బ విప్పని కొత్తది.
ఒక తల్లి పిల్లలు కారని
చూడంగనే తెలుస్తది.
ట్రాక్టర్ దాని అద్దం లోపల, అంచు వెంబడి
సన్నగ నల్లరేగడి గీత.
ఎవరి చేనుదో.
దస్తగీర్ విప్పి తుడుస్తనన్నడు.
ఉండనీ అన్న.

డాష్‌బోర్డుకు బొక్కలు పెడదామన్నడు.
వద్దంటే వద్దన్న.
"చెవులు కుట్టకుండ కమ్మలెట్ల పెడతవ్ సాబ్?"
అని నవ్వి, ఆఖరికి
అల్యూమినియం పట్టీ వంచి కిందికి వేలాడదీసిండు.
ఇంజన్ గోడకు మాత్రం బొక్క తప్పలేదు.
డ్రిల్లు తిరుగుతున్నంత సేపు
సందు చివర కాగితం నములుతున్న మేకను
చూసుకుంట నిలబడ్డ.

ఆ బొక్కల రబ్బరు గుబ్బ,
గుబ్బలోంచి రాగి గొట్టం, గడ్డిపోచంత సన్నం.
దాని గుండ కాగిన నూనె
ఇంజన్ నుంచి నా మోకాలి దాక వస్తదట.
"పాత ఎర్ర బుగ్గ సచ్చినంక చెప్తది సాబ్,
ముల్లు ముందుగాల చెప్తది."

చోక్ గుంజి తాళం తిప్పిన.
ట్రాక్టర్ ముల్లు ఉలిక్కిపడి లేచి
నలభై కాడ కుదురుకున్నది.
అంపియర్ ముల్లు మాత్రం ఉల్టా,
రేస్ ఇస్తే మైనస్ దిక్కు ఉరుకుడు.
దస్తగీర్ గడ్డం గోక్కున్నడు.
వైర్లు రెండు అటుదిటు చేసిండు.
"నా తప్పు గాదు,
రోలర్‌కు ఎనుకకు నడిచే అలవాటు" అన్నడు.

ప్రమీల వచ్చి వంగి చూసింది.
"నాకు పడ్డ మూడు ముళ్లు సాలవా, దీనికి గూడనా?"
ముందు సీట్ల కూసొని, కొంగు సదురుకొని,
"ఏది ఏందో చెప్పు మరి" అన్నది.
చెప్పిన.
లక్డీకాపూల్ దాటేదాక విన్నది.

ఖైరతాబాద్ సిగ్నల్. తొంభై సెకండ్లు.
ట్రాక్టర్ ముల్లు దిగుడు మొదలుపెట్టింది.
ఇరవై.
పదిహేను.
పన్నెండు.
ఇరవై రెండేండ్ల సంది ఇదే సిగ్నల్ కాడ
ఇట్లనే దిగింది కావచ్చు.
నేనేమో రేడియో పెట్టుకొని
స్టీరింగ్ మీద వేళ్లతోని దరువేసుకుంట కూసున్న.
ఎర్ర బుగ్గ ఒక్కనాడు వెలగలేదు గదా అని
పది మందికి గొప్పగ చెప్పిన.

మసక పడుతున్నదని లైట్లు వేస్తే
అంపియర్లు ఎడమకు ఒరిగినయి.
వేడి తొంభై ఐదు.
మూడిట్ల దేన్ని చూడాలె?

"పచ్చ పడ్డది" అన్నది ప్రమీల.
ఎనుక ఆటోలు అంతకు ముందే అన్నయి.

బంజారాహిల్స్ ఎక్కుడు సగంల ఆపి,
బానెట్ లేపి, దస్తగీర్‌కు ఫోన్ కొట్టిన.
"బేరింగులు అరిగినయి సాబ్, వయసు.
పన్నెండంటే నడుస్తది.
పది కిందికి పోతే నా దగ్గరికి తీస్కరా.
అందాక రోడ్డు చూడు, ముల్లు గాదు."
ప్రమీల పల్లీలు కొన్నది.
పొట్లం ఖాళీ అయ్యేసరికి వేడి ఎనభైకి దిగింది.

రాత్రి కిందికి దిగి, టార్చి పట్టుకొని,
డ్యూటీ నాటి పాత రిజిస్టర్ తెరిచిన.
తేది. ఆయిల్ పన్నెండు. వేడి తొంభై ఐదు.
పక్కన రిమార్కుల గడి.
దాంట్ల ఒకప్పుడు
'గేటుకు తాళం', 'కుక్క ఉన్నది' అని రాసేటోన్ని.
చానాసేపు పెన్ను పట్టుకొని కూసొని
'అద్దంల మన్ను ఉన్నది' అని రాసిన.